చిన్న సంఘం లెక్కలకు ఆడిట్ కావాలా? ఎవరితో చూపించాలి, ఎలా చూపించాలి?

ఉగాది వెళ్లిన మూడో ఆదివారం. బెంగళూరు మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో మా తెలుగు సంఘం సమావేశం. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల కాఫీ ఫ్లాస్కు, పేపర్ ప్లేట్లలో మద్దూరు వడ. కోశాధికారి గారు లేచి గబగబా చదివేశారు. వచ్చింది ఇంత, పోయింది ఇంత, మిగిలింది ఇంత. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే వెనక వరసలోంచి ఒకాయన అడిగారు. "ఈ లెక్కలు మీరు కాక ఇంకెవరైనా చూశారా అండీ?"

కోశాధికారి గారి మొహం కందిపోయింది. నాలుగేళ్లుగా సొంత పెట్రోలు పోసుకుని తిరిగిన మనిషి ఆయన. అడిగినాయన మనసులో దురుద్దేశం లేదు. ఈయన నొచ్చుకోవడంలోనూ తప్పు లేదు. "చూశారండీ, ఇదిగో సంతకం" అని చూపించడానికి చేతిలో కాగితం లేకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగమని అందరికీ తెలుసు కాబట్టి, ఆ సాయంత్రమే ఆ పని నా నెత్తిన పడింది. అప్పటినుంచి మా సంఘం లెక్కలు, పక్క లేఔట్ వినాయక చవితి కమిటీవి, ఒక బ్యాడ్మింటన్ గ్రూపువి చూస్తూ వస్తున్నాను. ఇన్నేళ్లలో దొంగతనం ఒక్కటీ కనపడలేదు. మతిమరుపు, బద్ధకం, "మనవాళ్లే కదా" అనే మొహమాటం మాత్రం పుట్టలు పుట్టలుగా కనపడ్డాయి. అందుకే నాకొక అభిప్రాయం గట్టిపడింది. లెక్కలు బయటివాళ్లతో చూపించడం సభ్యుల కోసం అనుకుంటాం కానీ, అది ముందుగా కాపాడేది కోశాధికారినే. చట్టం అడిగితే ఎలాగూ తప్పదు. అడక్కపోయినా ఒక పూట కేటాయించి చూపించుకోండి. ఎలాగో చెబుతాను.

ముందు మీ సంఘం కాగితం మీద ఏమిటో చూడండి

"మాది రిజిస్టర్డ్ సంఘమే" అని అందరూ అంటారు. ఎక్కడ, ఏ చట్టం కింద అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాబట్టి మొదట రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ బయటికి తీయించండి. పాత అధ్యక్షుల వారి బీరువాలో ఉంటుంది.

దాని మీద కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 అని ఉంటే, ఆడిట్ కావాలా వద్దా అనే చర్చ మీకు అక్కర్లేదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. అది జరిగిన 14 రోజుల్లో కమిటీ సభ్యుల జాబితా, ఆడిట్ అయిన లెక్కలు జిల్లా రిజిస్ట్రార్‌కి దాఖలు చేయాలి. ఈ రిజిస్ట్రార్ ఉండేది సహకార శాఖలో. ఫ్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకున్న సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి క్యూలో నిలబడకండి, మేం ఒకసారి ఆ పని చేసి వచ్చాం.

సర్టిఫికెట్ ఆంధ్రప్రదేశ్‌దైతే, అంటే మొదట్లో ఎవరో సొంత జిల్లాలో రిజిస్టర్ చేసి పనులు మాత్రం బెంగళూరులో నడిపిస్తుంటే, మీకు వర్తించేది అక్కడి 2001 చట్టం. కాగితాలు కూడా అక్కడికే వెళ్లాలి. చెన్నైలో ఉన్న మీ బావమరిది తమ సంఘం ఫైలు పంపి "ఇదే కాపీ కొట్టండి" అంటే వద్దనండి. వాళ్లది తమిళనాడు 1975 చట్టం, అక్కడ చూసేది రిజిస్ట్రేషన్ శాఖ. పొదుపు సంఘాలూ, ఉద్యోగుల క్రెడిట్ సొసైటీలూ సహకార చట్టం కిందకి వస్తాయి, వాటి ఆడిట్ దారి వేరు. లాభాపేక్ష లేని కంపెనీగా, అంటే సెక్షన్ 8 కింద పెట్టుకున్నవాళ్లకి ఏడాదికి పది రూపాయల లావాదేవీ ఉన్నా సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) ఆడిట్ తప్పదు.

ఇవేవీ కాదు, వినాయక చవితికి పాతికమంది కలిసి చందా వేసుకునే గుంపే అయితే, ఆడిట్ చేయించమని చట్టం మీ వెంట పడదు. వాట్సాప్ గ్రూపు మాత్రం పడుతుంది.

దీనికి పైన ఇంకో పొర ఉంది, ఆదాయపు పన్ను. సేవా సంస్థగా మినహాయింపు రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే, అదే మనవాళ్లు 12ఏ అని పిలిచేది, మినహాయింపు తీయకముందు ఆదాయం పన్ను పడని పరిమితి దాటిన ఏడాది సీఏ ఆడిట్ రిపోర్టు దాఖలు చేయాలి. రిటర్న్ గడువుకి ఒక నెల ముందే అది వెళ్లాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లు బట్టీపట్టిన సభ్యుడు ఎవరైనా మీటింగులో వాదిస్తే నంబరు గురించి గొడవ పడకండి, మీ సీఏని అడగండి.

ఎవరు చూడాలి?

సీఏ సంతకం పెడితే అన్నీ చూసినట్టే అనుకుంటాం. చిన్న సంఘాల విషయంలో అది సగమే నిజం. సీఏ ఇచ్చిన కాగితాలు చూస్తారు, లెక్క సరిపోయిందా, చట్టం ప్రకారం ఉందా అని చూస్తారు. స్టేజీ లైట్లు అద్దెకిచ్చింది ఉపాధ్యక్షుల వారి తోడల్లుడని ఆయనకెలా తెలుస్తుంది? అరిటాకు కట్ట ధర ఎంతో ఆయనకెందుకు తెలియాలి? అది తెలిసింది మీ సభ్యులకే.

అందుకని నా సలహా ఇది. రిజిస్టర్డ్ సంఘమైతే సీఏ ఎలాగూ ఉంటారు. ఆయన దగ్గరికి వెళ్లేముందు, కమిటీలో లేని ఇద్దరు సభ్యులు లెక్కలు చూడాలి. రిజిస్ట్రేషన్ లేని గుంపైతే ఆ ఇద్దరూ చాలు. ఇద్దరిలో ఒకరు లెక్క తెలిసినవారు, ఇంకొకరు ధర తెలిసినవారు అయితే మంచిది. మా సంఘంలో రెండో మనిషి ఒక అమ్మగారు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసిన ఇల్లాలు. నేను కూడికలు చూసుకుంటుంటే ఆవిడ కేటరింగ్ బిల్లు తీసుకుని, "రెండొందల మందికి పులిహోరకి పదిహేను కిలోల నూనేంటి బాబూ, స్నానం చేశారా?" అన్నారు. వంటాయనకి ఫోన్ చేస్తే బూరెలు, గారెలు వేయించిన నూనె కూడా అందులోనే ఉందని తేలింది. బిల్లు సరైనదే, వివరమే రాయలేదు. నాకైతే ఆ ప్రశ్న పదేళ్లకీ తట్టేది కాదు.

ఎవరు చూడకూడదో కూడా చెప్పాలి. చెక్కు మీద సంతకం పెట్టేవారు, కొనుగోళ్లకి వెళ్లినవారు, పోయినేడు కమిటీలో ఉన్నవారు, కోశాధికారికి దగ్గరి బంధువులు, సంఘానికి సరుకు అమ్మినవారు. సీఏ విషయంలోనూ ఇంతే. కార్యదర్శి గారి అబ్బాయే సీఏ అయితే ఆ అబ్బాయి సలహా తీసుకోండి, సంతకం వేరేవారిది పెట్టించండి.

సీఏ ఇచ్చిన రిపోర్టు చేతికి రాగానే సంతకం దగ్గర యూడీఐఎన్ ఉందో లేదో చూడండి, అంటే అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే, ఆ ఒక్క రిపోర్టుకే ఇచ్చే గుర్తింపు నంబరు. 2019 జూలై 1 నుంచి ఆడిట్ రిపోర్టులన్నిటికీ అది తప్పనిసరి. సీఏల సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే రిపోర్టు నిజంగా ఆయన ఇచ్చిందేనా అని తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని.

ఒక్క మాట. లెక్కలు చూసే ఆ ఇద్దరు సభ్యులనీ ఏడాది మొదట్లోనే సర్వసభ్య సమావేశంలో ఎన్నుకుని, సమావేశాల్లో జరిగింది రాసుకునే మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయండి. గొడవ మొదలయ్యాక ఎన్నుకుంటే అది తనిఖీ అనిపించుకోదు, పంచాయతీ అవుతుంది.

కూర్చునే ముందు కోశాధికారి తేవాల్సినవి

బ్యాంకు స్టేట్‌మెంట్ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, ఇంకో నెల అదనంగా కూడా. రసీదు పుస్తకాలు వాడినవీ వాడనివీ అన్నీ. ఓచర్లు (ఖర్చుకి మనమే రాసుకున్న చీటీలు), బిల్లులు. నగదు పుస్తకం, అది నోటు పుస్తకమైనా ఎక్సెల్ అయినా సరే. మినిట్స్ పుస్తకం. పోయినేటి లెక్కల కాగితం. చేతిలో ఉన్న డబ్బు, కవరుతో సహా.

కోశాధికారి గారు ఇవన్నీ ఒక బట్టల షాపు సంచిలో కుక్కి తెస్తే కంగారు పడకండి, అందరూ అలాగే తెస్తారు. బల్ల మీద పోసి నెలవారీగా కట్టలు కట్టుకోవడానికే మొదటి అరగంట పోతుంది. ఆ అరగంట ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకోండి, కాఫీ కూడా ఇవ్వండి. పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు ఉండకూడదు.

బ్యాంకుతో మొదలుపెట్టండి

ఖాతా అంటే బెంగళూరులో సగంమందికి ఇంటికి కార్పొరేషన్ ఇచ్చే కాగితమే గుర్తొస్తుంది. నేను చెప్పేది బ్యాంకు ఖాతా సంగతి. అది సంఘం పేరు మీద ఉందా, ఇద్దరి సంతకాలతో నడుస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

తర్వాత కూడిక. ఒక చిన్న సంఘం లెక్క ఊహించుకుందాం. ఏడాది మొదట్లో బ్యాంకులో 38,400, చేతిలో 2,150, కలిపి 40,550. సభ్యత్వం 120 కుటుంబాలు, తలా 500 చొప్పున 60,000. ఉగాది చందాలు 74,000. స్టేజీ మీద బ్యానరు కట్టుకున్న వ్యాపారి ఇచ్చింది 25,000. మొత్తం వచ్చింది 1,59,000. ఖర్చు 1,62,700. అంటే చివర్న 36,850 మిగలాలి. స్టేట్‌మెంట్‌లో మార్చి 31న 41,200 ఉంది, చేతిలో 1,650. కలిపితే 42,850. ఆరువేలు ఎక్కువ!

తక్కువొస్తే అందరూ ఉలిక్కిపడతారు, ఎక్కువొస్తే "పోన్లెండి, మంచిదేగా" అంటారు. ఎక్కువైనా తక్కువైనా లెక్క కుదరనట్టే. ఇక్కడ జరిగింది ఏమిటంటే, షామియానా వేసినాయనకి మార్చి 28న 6,000 చెక్కు ఇచ్చారు, ఆయన ఏప్రిల్ మొదటి వారంలో వేసుకున్నాడు. ఇంకో నెల స్టేట్‌మెంట్ తెమ్మన్నది ఇందుకే. ఆ పేజీలో 6,000 కనపడగానే ముడి విడిపోయింది.

ఉగాది జరుపుకునే మనలాంటి సంఘాలకి వచ్చే ఒక తిరకాసు ఉంది. పండగ మార్చి 31కి అటూ ఇటూ దూకుతుంటుంది. 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. అంటే 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఒక్క ఉగాదీ లేదు, 2024-25లో రెండున్నాయి! ఇది గమనించని సభ్యుడు రెండేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి "ఖర్చు ఒక్కసారిగా ఇంత పెరిగిందేంటి?" అని అడుగుతాడు, కోశాధికారి తల గోక్కుంటారు. కాబట్టి పండగ ఖర్చుని ఏడాది లెక్కలో కలిపేసి వదలకుండా, ఏ ఉగాదికి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని విడిగా ఒక కాగితం రాయించండి. ఏప్రిల్‌లో వచ్చే పండగకి మార్చిలోనే ఇచ్చిన అడ్వాన్సుని ఖర్చు కింద కాక అడ్వాన్సుగానే చూపించాలి. మార్చిలోనే ముందుగా వచ్చిన చందా కూడా అంతే.

బ్యాంకు వడ్డీ, ఛార్జీలు పుస్తకంలో ఎక్కాయో లేదో చూడండి. ఎక్కవు. ఎవరూ ఎక్కించరు.

రసీదు పుస్తకాలు

నా మటుకు తనిఖీలో అసలైన పని ఇక్కడే. రసీదు పుస్తకాలు చూసేముందు వాటిని అచ్చువేసిన ప్రింటరు బిల్లు అడగండి. బిల్లులో ఆరు పుస్తకాలు ఉండి, సంచిలో అయిదే ఉంటే ఆరోది ఎక్కడ? ఎవరి స్కూటర్ డిక్కీలోనో ఉంటుంది. దొరికేదాకా పక్కకి కదలకండి. అందులో ఖాళీ ఆకులు ఉన్నా సరే, అవి సంఘం పేరుతో డబ్బు అడగగలిగే కాగితాలు.

మా సంఘంలో ఒకసారి నాలుగో పుస్తకంలో 37 నుంచి 40 దాకా ఆకులే లేవు, మన దగ్గర మిగలాల్సిన సగం, అంటే కౌంటర్‌ఫాయిల్‌తో సహా. నగదు పుస్తకంలో చూస్తే అదే వారంలో "వసూలు 4,000" అని ఒక్క ముక్క ఉంది. ఎవరి దగ్గర, ఎందుకు, ఏమీ లేదు. విచారిస్తే, ఇద్దరు కుర్రాళ్లు వెనక వీధిలో ఇంటింటికీ వెళ్తూ పుస్తకం మొత్తం ఎందుకని నాలుగు ఆకులు చింపుకుని జేబులో పెట్టుకెళ్లారట. నలుగురిళ్లకీ ఫోన్ చేశాం. ముగ్గురు వెయ్యి ఇచ్చామన్నారు, రసీదు ఫొటో పంపారు. నాలుగో ఇంటావిడ "మావారు ఇచ్చుంటారండీ, ఆయన అమెరికాలో ఉన్నారు" అన్నారు. రెండ్రోజులాగి ఆయనా ఔనన్నారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రెండ్రోజులూ ఆ కుర్రాళ్ల టెన్షన్ చూశాక, పుస్తకం నుంచి ఆకు చింపి తీసుకెళ్లడం మా సంఘంలో నిషేధం. తప్పు రాస్తే రెండు సగాలూ కలిపి పిన్ను కొట్టి "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి.

మిగతాది సులువే. ప్రతి పుస్తకం మొత్తం కూడండి, నగదు పుస్తకంతో పోల్చండి. అయిదారుగురు దాతలకి మీరే ఫోన్ చేసి "ఎంత ఇచ్చారండీ, రసీదు అందిందా?" అని అడగండి. ఏ పేర్లు ఎంచుకున్నారో కోశాధికారికి ముందే చెప్పకండి.

యూపీఐ వచ్చాక మారిన సంగతి

ఇప్పుడు రసీదు పుస్తకం చూసి సరిపెట్టుకుంటే కుదరదు. చందాల్లో ఎక్కువ భాగం ఫోన్లోనే వస్తున్నాయి, అదీ చాలాచోట్ల కోశాధికారి సొంత నంబరుకి. ఆయన సొంత ఖాతాలో పాల ప్యాకెట్ల డబ్బు, స్కూలు ఫీజు, మన చందాలు అన్నీ కలిసిపోతాయి. రేపు పన్ను వాళ్లు "ఈ లక్షన్నర ఏమిటి?" అని ఆయన్నే అడుగుతారు. ఆయన ఖాతా స్టేట్‌మెంట్ మొత్తం మనం అడగలేం, ఆయనా సంతోషంగా ఇవ్వలేరు.

సంఘం ఖాతాకి క్యూఆర్ కోడ్ తీసుకోవడమే దీనికి మందు. బ్యాంకుని అడిగితే ఇస్తారు. ఇది ఈ ఏడాది కుదరకపోతే, సొంత నంబరుకి వచ్చిన ప్రతి చందానీ ఏ రోజుది ఆ రోజే సంఘం ఖాతాకి పంపేయమనండి, కలిపి కాదు, విడివిడిగా. తనిఖీలో స్క్రీన్‌షాట్లు చూసి సరే అనకండి. అందులో ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబరుని స్టేట్‌మెంట్‌లో వెతికి టిక్కు పెట్టండి. స్క్రీన్‌షాట్ అంటే డబ్బు పంపానని ఒకరు చెప్పిన మాట మాత్రమే. వచ్చిందని చెప్పేది స్టేట్‌మెంట్.

విదేశాల నుంచి వచ్చిన చందాల దగ్గర ఆగండి. అమెరికాలో ఉన్న తమ్ముడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే తమ్ముడు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీయులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఏటా డిసెంబర్ 31 లోపు సీఏ ధ్రువీకరించిన లెక్కలు వేరుగా దాఖలు చేయాలి. "మనూరి కుర్రాడే కదా" అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఖర్చులు

కె.ఆర్. మార్కెట్లో తెల్లవారుజామున నాలుగింటికి పూలు కొనేటప్పుడు బిల్లు అడిగి చూడండి. "బిల్ ఇల్లా సార్" అని పక్క బేరం చూసుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. అలాంటిచోట మీరే ఓచరు రాసుకోవాలి. మావాళ్లు రాసిన ఒకటి ఇలా ఉంటుంది: "18-3-2026. కె.ఆర్. మార్కెట్. బంతిపూలు 5 కిలోలు, మామిడాకులు, వేపపువ్వు, అరిటాకులు 2 కట్టలు. ఆటో కూడా కలిపి 1,940. నగదు." కింద కొన్నవారి సంతకం, తోడు వెళ్లినవారి సంతకం. అంతే. రెండో సంతకం ఉన్నచోట నేను మళ్లీ ప్రశ్న అడగను.

బిల్లు వచ్చే అవకాశం ఉన్నచోట మాత్రం చేతిరాత ఓచరు ఒప్పుకోవద్దు. హాలు అద్దె, కేటరింగ్, మైకు సెట్టు, జ్ఞాపికలు, వీటన్నిటికీ బిల్లు ఉండాల్సిందే. పెద్ద ఖర్చులకి కమిటీ తీర్మానం ఉందా, రెండు మూడు చోట్ల ధర అడిగారా చూడండి. లైట్లు కమిటీ సభ్యుడి తోడల్లుడివి అయినంత మాత్రాన తప్పేం లేదు, మనవాడు కాబట్టి తక్కువకే ఇచ్చి ఉండొచ్చు. ఆ చుట్టరికం మినిట్స్‌లో రాయకపోవడమే తప్పు.

రిజిస్టర్డ్ సొసైటీలు చాలావరకు మర్చిపోయేది టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి పన్ను పట్టుకోవడం. కేటరింగ్, స్టేజీ పనుల్లాంటి కాంట్రాక్టు చెల్లింపుల్లో ఒక్కసారి ఇచ్చింది 30,000 దాటినా, ఏడాది మొత్తంలో ఒకరికే ఇచ్చింది లక్ష దాటినా పన్ను పట్టుకుని కట్టాలి. వ్యక్తి అయితే 1 శాతం, సంస్థ అయితే 2 శాతం. దానికి టాన్, అంటే పన్ను పట్టుకునేవారికి పన్ను శాఖ ఇచ్చే నంబరు, ఉండాలి. వంటాయన "నా డబ్బులు కోస్తారా" అని అలుగుతారు. బేరం కుదుర్చుకునే రోజే చెప్పేస్తే అలగరు.

చేతి నగదు, సామాను

చేతిలో డబ్బు అక్కడికక్కడే లెక్కపెట్టాలి. "ఇంట్లో ఉంది, రేపు చూపిస్తా" అంటే, ఆ రేపు వచ్చాకే కాగితం మీద అంకె రాయండి. మీరు కూర్చున్నది ఏప్రిల్ చివర్లో అయితే, ఆ రోజు ఉన్న నగదుకి ఏప్రిల్‌లో చేసిన ఖర్చు కలిపి, ఏప్రిల్‌లో వచ్చింది తీసేస్తే మార్చి 31 నాటి నిల్వ రావాలి.

సామాను జాబితా కూడా అడగండి. మైకు, స్పీకర్లు, ఇత్తడి దీపపు కుందులు, పెద్ద గంగాళం. ఏది ఎవరింట్లో ఉందో పక్కన రాయించండి.

తేడా వస్తే

పదిమంది ముందు అడగకండి, గ్రూపులో అసలే పెట్టకండి. "అన్నా, ఈ మూడు ఓచర్లు కుదరడం లేదు, ఒకసారి చూద్దామా" అని ఆయన్నే అడగండి. వారం గడువు ఇవ్వండి. చిన్న తేడా, కారణం నిజంగా దొరకలేదు అనుకోండి, దాన్ని పూడ్చడానికి కోశాధికారి జేబులోంచి డబ్బు వేయబోతారు. వేయనివ్వకండి. తేడాని తేడాగానే రాయండి, దాన్ని ఏం చేయాలో సర్వసభ్య సమావేశం తేలుస్తుంది. పెద్ద తేడా ఉండి, కాగితాలు ఇవ్వడానికి కమిటీయే ఒప్పుకోకపోతే, రిజిస్టర్డ్ సొసైటీలో సభ్యులు రిజిస్ట్రార్‌ని విచారణ కోరవచ్చు. అంతదాకా నేను వెళ్లలేదు.

చివరి కాగితం

"లెక్కలు సరిగ్గా ఉన్నాయి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టకండి. ఏం చూశారో, ఏం చూడలేదో రాయండి. నమూనాకి ఒకటి:

"మేమిద్దరం సంఘం కమిటీలో లేము. 2026 ఏప్రిల్ 26 ఆదివారం కూర్చుని 2025-26 లెక్కలు చూశాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చాం, సరిపోయింది. ప్రింటరు బిల్లు ప్రకారం ఉన్న ఆరు రసీదు పుస్తకాలూ చూశాం. 61 ఓచర్లలో రెండింటికి బిల్లు లేదు, వాటి మొత్తం 1,840. ఆరుగురు దాతలను ఫోన్లో అడిగాం, సరిపోయింది. నగదు 1,220 మా ఎదుటే లెక్కపెట్టాం. సామాను చూడలేదు, జాబితా మాత్రమే చూశాం. వచ్చే ఏడాది చందాలు సంఘం క్యూఆర్ కోడ్‌కే తీసుకోవాలని మా సూచన."

తేదీ, రెండు సంతకాలు. ఇది సమావేశానికి వారం ముందే సభ్యులందరికీ వెళ్లాలి. సమావేశంలో దీన్ని కోశాధికారి చదవకూడదు, చూసిన ఇద్దరిలో ఒకరు చదవాలి. పై నమూనాలో బిల్లు లేని 1,840 ఉంది చూశారా, అలాంటి ముక్క ఒకటి ఉంటేనే సభ్యులకి నమ్మకం కలుగుతుంది. అంతా నున్నగా ఉంటే నాకే అనుమానం వస్తుంది.

తర్వాత ఓచర్లు, కౌంటర్‌ఫాయిళ్లు, ఈ కాగితం ఒక కవర్లో పెట్టి, పైన సంవత్సరం రాసి అంటించేయండి. నేనైతే పదేళ్లు ఉంచమంటాను. కమిటీ మారే ఏడాదైతే వాడని రసీదు పుస్తకాలు, చెక్కు పుస్తకం, సీలు కొత్తవారికి నంబర్లు రాసి అప్పగించాలి. బ్యాంకులో సంతకాలు మార్చడానికి కొత్త కమిటీ తీర్మానం కాపీ పట్టుకెళ్లాలి. క్యూఆర్ కోడ్ ఉన్నవాళ్లు, దానికి ముడిపెట్టిన ఫోన్ నంబరు, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉన్నాయో ఇవాళే చూసుకోండి. మా పక్క లేఔట్లో అది పాత కార్యదర్శి గారిది, ఆయన పుణే వెళ్లిపోయి ఏడాదైంది, ఓటీపీ కోసం ఇప్పటికీ ఆయనకే ఫోన్ చేస్తున్నారు.